తల్లిమట్టితో సహా వరహాలమ్మ

రేవుపాలెంలో కార్తీకమాసం వచ్చిందని తెలుసుకోవడానికి కూర్మారావుకు పంచాంగంతో పనిలేదు. భార్య వరహాలమ్మ దగ్గు వింటే చాలు. దసరా పందిళ్ళు విప్పగానే పెరట్లో ఏడాకుల చెట్టు పూతకొస్తుంది. కొమ్మకొమ్మకీ ఆకుపచ్చ గుత్తులు. సాయంత్రం దీపాలవేళకు దాని వాసన గోడ దిగి, గుమ్మం దాటి, ఇంట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. కొందరికి ఆ వాసన తలనొప్పి. వరహాలమ్మకు ఆయాసం. రొమ్ములో పిల్లికూతలు మొదలై, మంచు విడిచేదాకా పోవు.

ఆ చెట్టు వాళ్ళు కోరి నాటుకున్నది కాదు. చాలా ఏళ్ళ కిందట తుఫానుకు ఊళ్ళో చెట్లన్నీ కూలిపోయాక పురపాలక సంఘానికి పచ్చదనం మీద భక్తి పుట్టింది. కొత్తగా పుట్టిన భక్తి కనుక కొంచెం గట్టిగానే పట్టింది. ఏడాకుల మొక్కను పశువులు ముట్టవు, పురుగు పట్టదు, నీళ్ళు పొయ్యకపోయినా పెరుగుతుంది. అంటే దాని విషయంలో ఉద్యోగులు చేయవలసిన పని ఏమీ లేదు. అటువంటి చెట్టు దొరకడం దైవకృప కాక మరేమిటి? "ఇంటింటా ఏడాకులు" అన్నారు. మొక్క నాటని ఇంటికి కుళాయి ఇచ్చేది లేదన్నారు. రేవుపాలెంలో కుళాయి ఉన్న ప్రతి ఇంటా ఏడాకుల చెట్టు ఉంది. కుళాయిలో నీళ్ళు రాకపోయినా చెట్టు మాత్రం పెరిగింది.

కూర్మారావుకు బస్టాండు దగ్గర పూజాసామగ్రి కొట్టు ఉంది. పసుపు, కుంకుమ, ఒత్తులు, కర్పూరం అమ్ముతాడు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే కొట్టు తెరవడు. ఎవరితోనూ తగువు పడడు. తగువు పడాలనిపించినప్పుడు దేవుణ్ణి ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటాడు. "స్వామీ, ఊరందరికీ కార్తీక దీపాల ఒత్తులు నేనే అమ్ముతాను కదా, నా ఇంటి ఇల్లాలు తన పెరట్లో కూర్చుని ఒక దీపం పెట్టుకోలేకపోవడం ఏం న్యాయం?" అన్నది చాలా ఏళ్ళుగా ఆయన అడుగుతున్న ప్రశ్న. స్వామి ఆలోచిస్తున్నట్టున్నాడు.

ఆ ఏడు వానాకాలం చివర పురపాలక సంఘం వారు కొత్త ప్రకటన చేశారు. ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. "పెరటి పునర్వ్యవస్థీకరణ పథకం! మీ పెరట్లో అననుకూల వృక్షం ఉన్నదా? గృహోద్యాన సమన్వయ విభాగాన్ని సంప్రదించండి! అనుమతి లేకుండా కొమ్మ విరిచినా శిక్షార్హులు!"

"విన్నారా, వాళ్ళే తీసేస్తారంట!" అంది వరహాలమ్మ. ఆ సంతోషంలో ముగ్గుచిప్ప పట్టుకుని పెరట్లోకి నడిచింది. కొత్త తోట ప్లానంతా నేలమీదే గీసేసింది. తులసికుండీకి కుడివైపు పారిజాతం. గోడవారన నందివర్ధనం. మూలన ఉసిరి. ఏడాకుల చెట్టు మొదట్లో మాత్రం పెద్ద గుండ్రం చుట్టి వదిలేసింది.

"ఇక్కడేటి నాటుతావే?" అన్నాడు కూర్మారావు.

"ఇక్కడ నేను. పీటేసుక్కూచుని దీపాలెట్టుకుంటాను. ఒక్క కార్తీకం నా పెరట్లో నేను నిండా ఊపిరి తీసుకుంటే చాలు, ఇంకేటీ వొద్దు నాకు."

కూర్మారావు మర్నాడే ఆఫీసుకు వెళ్ళాడు.

గృహోద్యాన సమన్వయ విభాగం ఆవరణలో గడ్డిపరక కూడా లేదు. కార్లు నిలపడానికి ఇబ్బందవుతోందని ఉన్న చెట్లన్నీ కొట్టించి, నేలంతా పలకలు పరిపించారు. గోడలకు మాత్రం ఆకుపచ్చ రంగు వేయించారు. ఆ పచ్చదనం మధ్య సమన్వయాధికారి విశ్వంభరరావు గారు కూర్చుని ఉన్నారు. గుండ్రటి ముఖం, గుండ్రటి కళ్ళజోడు, మాట కూడా గుండ్రంగానే ఉంటుంది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియదు.

కూర్మారావు చెప్పిందంతా విని ఆయన కళ్ళు మూసుకున్నారు.

"చూడండి. 'అననుకూలం' అనే పదాన్ని తమరు చాలా తేలికగా వాడేశారు. అనుకూలత అన్నది ద్వైపాక్షిక అంశం. చెట్టు తమకు అనుకూలం కాదని తమరు నివేదించుకున్నారు, సంతోషం. తమరు చెట్టుకు అనుకూలమా కాదా అన్నది విచారించవలసి ఉన్నది."

"నేను చెట్టుకి అనుకూలమేటండీ?"

"పెళ్ళి సంబంధం చూసేటప్పుడు పిల్లవాడి జాతకం ఒక్కటే చూసి ఊరుకుంటామా? పిల్లది కూడా చూస్తాం కదా?"

జాతకాల మీద నమ్మకం ఉన్న మనిషి కనుక కూర్మారావు తల ఊపాడు. అలా చూస్తే సబబుగానే ఉందే అనుకుంటూ ఇంటికొచ్చాడు. సబబుగా ఉన్నది చేదుగా ఎందుకుంటుందో ఆయనకు అర్థం కాలేదు.

రేపు పరిశీలనకు మనుషులొస్తారని కబురొచ్చింది. పరిశీలన అంటే చూసి, కొట్టి, పట్టుకుపోవడమే అనుకున్నాడు కూర్మారావు. ఆ సాయంత్రం స్నానం చేసి, పళ్ళెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు పెట్టుకుని చెట్టు దగ్గరకు వెళ్ళాడు. ఆయన తండ్రి నేర్పిన ఆచారం అది. చెట్టును కొట్టించే ముందురోజు మొదట్లో నీళ్ళు పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దానిమీద ఉంటున్న పక్షులనూ కంటికి కనపడని జీవులనూ వేరే చోటికి వెళ్ళమని బతిమాలుకోవాలి. తప్పు క్షమించమని చెట్టును అడగాలి. చెప్పకుండా గొడ్డలి పెట్టడం నిద్రపోయేవాడి మెడ మీద వేటు వేయడంతో సమానమనేవాడు తండ్రి.

వరహాలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"నా పీక నొక్కేదానికి పూజలేటండీ?"

"పూజ కాదే. సెలవు తీసుకోడం."

మర్నాడు పరిశీలకుడు జోగినాయుడు వచ్చాడు. మంచివాడే. మంచివాడు ఆ ఆఫీసులో ఉంటే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. భుజాన టేపు, మెడలో విజిలు. చెట్టును చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అయ్యబాబోయ్! ఇదేటి బాబూ, పసుపూ కుంకుమా ఎట్టేసినారు?"

"కొట్టేముందు చెప్పుకోవాలి కదా నాయనా."

"లోపల్లోపల సెప్పుకోవాల! ఇప్పుడు నానేటి సేత్తాను? పసుపు పడ్డాక ఇది 'గృహస్థునిచే అంగీకరింపబడిన వృక్షం' అయిపోతాది. మా పుస్తకంలో అలగే ఉంది. మరింక ముట్టుకోలేం." అంటూనే కింద ముగ్గు చూశాడు. "మరిదేటి?"

"మా ఇంటిది తోట ప్లాను గీసింది."

"పర్మిసనుందా? లేవుటు కదా ఇది."

"ముగ్గయ్యా!" అంది వరహాలమ్మ.

"ముగ్గయితే సుక్కలుండాలమ్మా. ఇందులో దార్లున్నాయి."

జోగినాయుడు ముగ్గు చెరగకుండా చుట్టూ తాడు కట్టి, విజిలు ఊది వెళ్ళిపోయాడు. విజిలు ఎందుకు ఊదాడో అతనికీ తెలియదు. ఇచ్చారు కనుక ఊదాడు.

ఆపైన పరిశీలక సంఘం వచ్చింది. విశ్వంభరరావు గారు ముందు, మిగతావారు ఆయన వెనక. చెట్టుకు బట్టల తీగ కోసం కొట్టిన మేకు చూసి "దేహగాయం" అన్నారు. అంట్లు తోమిన నీళ్ళు మొదట్లోకి పోతుంటే చూసి "విషప్రయోగం" అన్నారు. దేవుడిగదిలోంచి వచ్చే కర్పూరం పొగను "వాయుపరమైన వేధింపు"గా తేల్చారు. ఒకాయన సంచీలోంచి డాక్టర్లు వాడే స్టెతస్కోపు తీసి, చెట్టు మానుకు ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"వృక్షం వైపు నుంచి ఏ ఫిర్యాదూ లేదు సార్."

సరిగ్గా అప్పుడే వరహాలమ్మకు దగ్గు తెర వచ్చింది. ఇంటి గోడలు అదిరేలా దగ్గింది. ఆవిడ కోలుకునేదాకా అందరూ మర్యాదగా ఆగారు.

"పిల్లికూతలు ఎవరి దగ్గర ఉన్నట్టు?" అడిగారు విశ్వంభరరావు గారు.

"అమ్మగారి దగ్గర సార్. చెట్టు దగ్గర లేవు."

"అయితే లోపం ఏ పక్షంలో ఉన్నదో తేలినట్టే." ఆయన తృప్తిగా కళ్ళజోడు తుడుచుకున్నారు.

తీర్పు వినడానికి భార్యాభర్తలిద్దరినీ ఆఫీసుకు పిలిచారు. విశ్వంభరరావు గారు నిలబడి చదివారు. ఉభయ పక్షాలలో వృక్షం ఆరోగ్యంగా, నిలకడగా, ఎవరినీ నొప్పించకుండా ఉన్నది. శ్రీమతి వరహాలమ్మ అనారోగ్యంగా, అస్తమానం శబ్దం చేస్తూ ఉన్నారు. పైగా ఆమె ఈ ఊరివారు కారు, వివాహానంతరం కొండ దిగువ పల్లె నుంచి వచ్చి చేరినవారు. కావున స్థానికేతర జాతి.

"చెట్టు కూడా ఎక్కడి నర్సరీనుంచో లారీలో వచ్చిందే కదండీ?" అన్నాడు కూర్మారావు.

"వచ్చింది. మొక్కగా వచ్చి ఇక్కడ పెరిగింది. అమ్మగారు పెరిగి వచ్చారు. తేడా గమనించండి."

కూర్మారావు గమనించాడు.

"అయినా మా శాఖది కఠిన హృదయం కాదు," అని ఆయన గొంతు తగ్గించారు. "నరికివేత మా విధానం కాదు. తరలింపు మా విధానం. ఒకచోట ఇమడని దాన్ని వేళ్ళు దెబ్బతినకుండా, తల్లిమట్టితో సహా పెళ్ళగించి, అనుకూలమైన చోట నిలబెట్టడం నేటి పద్ధతి. ఆ ప్రకారం శ్రీమతి వరహాలమ్మ గారిని తల్లిమట్టితో సహా తరలించవలసిందిగా ఉత్తర్వు."

కూర్మారావు భార్య వైపు చూశాడు. "మనిషినండీ?"

"నరకమని అనలేదు కదండీ!" అన్నారు విశ్వంభరరావు గారు, కొంచెం నొచ్చుకుని.

వరహాలమ్మ ఆయాసం మనిషి కనుక మాట పొదుపు. ఇప్పుడు అడిగింది.

"బాబూ, తరలించాక మరి నీళ్ళెవరు పోస్తారు?"

విశ్వంభరరావు గారి ముఖం వికసించింది. ఆయన ఉద్యోగజీవితంలో పథకం గురించి ఎవరైనా ఆసక్తిగా అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఉత్తమమైన ప్రశ్న! తరలించిన తరువాత మూడేళ్ళ సంరక్షణ పూర్తిగా శాఖదే. రెండుపూటలా నీరు. ఎండ తగలకుండా నీడ. పశువులు రాకుండా కంచె. ఒరగకుండా ఊతకర్ర. ఆ మూడేళ్ళలో మళ్ళీ తరలించడం నిషిద్ధం, వేళ్ళు తట్టుకోవు."

"ఎక్కడికి బాబూ తరలించడం?"

"ఏడాకుల పుప్పొడి సోకని చోటికి."

ఆ చోటు ఎక్కడుందో చూడటానికి ఊరి పటం తెచ్చి బల్ల మీద పరిచారు. కుళాయి ఉన్న ప్రతి ఇంటి మీదా పచ్చచుక్క. పటమంతా ఆటలమ్మ పోసినట్టుంది. సంఘం వారు చాలాసేపు వెతికారు. ఆఖరికి జోగినాయుడు గొంతు సవరించుకున్నాడు.

"సుక్క లేనిది ఒక్కటే సార్. మనాఫీసు."

చోటు రాయకపోతే ఉత్తర్వు చెల్లదు. రాస్తే మాత్రం వస్తుందా ఏమిటి, సిగ్గుపడి పుట్టింటికి పోతుంది అనుకున్నారు విశ్వంభరరావు గారు. రాసి, సంతకం పెట్టారు.

ఇంటికి వస్తూ కూర్మారావు దారంతా మథనపడ్డాడు. "పోనీ మీ తమ్ముడింటికెళ్ళి ఉంటావేటే ఈ నెలా?"

"కార్తీకం నెల నా గుమ్మం వొదిలేసి మరదలి గుమ్మంలో దీపం పెట్టనా? అది పెట్టనిస్తే కదా! తులసికుండీ ఎత్తండి."

"అదెందుకే?"

"తల్లిమట్టి."

కూర్మం ఒక అవతారం, వరాహం ఒక అవతారం. ఒకరు కొండ మోశారు, ఒకరు భూమి మోశారు. పేర్లు ఊరికే పోతాయా? కూర్మారావు తులసికుండీ మోశాడు, వరహాలమ్మ పీట, దీపాల పెట్టె మోసింది. ఇద్దరూ రిక్షా దిగి ఆఫీసు వసారాలో, సరిగ్గా విశ్వంభరరావు గారి కిటికీ కింద చోటు చూసుకున్నారు.

"ఏటమ్మా ఇది?" అన్నాడు జోగినాయుడు బిత్తరపోయి.

"నాటుకున్నాను నాయనా. నీళ్ళు."

ఉత్తర్వు ఉత్తర్వే. జోగినాయుడు ఉదయం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. నర్సరీ నుంచి పచ్చవల తెప్పించి నీడ కట్టించారు. చుట్టూ వెదురు కంచె వేశారు. ఊతకర్ర పాతారు, దాని మీద ఆవిడ తడిచీర ఆరేసుకుంది. రాత్రిళ్ళు వాచ్‌మన్ భార్య సన్నేసమ్మ పక్క వేసి తోడు పడుకునేది. కూర్మారావు చేతనైనట్టు వండి క్యారేజీ తెచ్చేవాడు. ఆయన వంట తిని వరహాలమ్మ ఏమీ అనేది కాదు. ఆవిడ ఏమీ అనకపోవడమే ఆయనకు కష్టంగా ఉండేది.

కార్తీకం మొదటి సోమవారం సాయంత్రం ఆయన కొట్టు కట్టేసి వచ్చేసరికి ఆవిడ తులసి ముందు దీపాలు పెట్టి హారతి పాట పాడుతోంది. ఏటా ఆ పాట రెండో చరణం దగ్గర దగ్గుకు తెగిపోయేది. మిగతాది ఆయనే గొణుక్కుని పూర్తి చేసేవాడు. ఆ రోజు రెండో చరణం వచ్చింది, వెళ్ళింది. మూడోది వచ్చింది. పాట ఆఖరిదాకా వెళ్ళి మంగళం పలికింది. కూర్మారావు కంచె బయట నిలబడిపోయాడు. "ఈ పాటకి ఇంత ఉందా?" అనుకున్నాడు. కళ్ళు తుడుచుకుని చూస్తే పైన కిటికీలో విశ్వంభరరావు గారు కూడా నిలబడి ఉన్నారు. చూడనట్టు రెక్క మూసేసుకున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఊరు ఊరుకుంటే కదా!

వీధిలో ఆడవాళ్ళంతా వరహాలమ్మను పలకరించడానికి వచ్చారు. ఊపిరి హాయిగా ఆడుతోందని విని, కార్తీక వనభోజనాలు అక్కడే పెట్టుకుందామన్నారు. తోటల ఆఫీసు కన్నా మంచి వనం ఎక్కడుంటుంది? ఆదివారం పులిహోర గుండిగలు, పనసపొట్టు కూర, అరటాకులు పట్టుకుని దిగారు.

"చెట్టేదమ్మా జోగినాయుడూ?" అంది ఎదురింటి పార్వతీశం గారి భార్య.

"కార్లున్నాయమ్మా," అన్నాడు జోగినాయుడు తలొంచుకుని.

"ఉసిరి చెట్టు కింద తినాలి కదయ్యా! ఇంత ఆఫీసుండి ఒక్క ఉసిరి మొక్క లేకపోతే ఏం చేస్తారు మరి, పగలంతా?"

ఆ ప్రశ్నకు శాఖ వద్ద సమాచారం లేదు. ఎవరో ఉసిరికొమ్మ తెచ్చి ఊతకర్రకు కట్టారు. దాని కింద కార్ల మధ్యన విస్తళ్ళు వేశారు. ఉద్యోగులంతా తిన్నారు. విశ్వంభరరావు గారు మొదట నిరాకరించి, ప్రసాదం అన్నాక రెండుసార్లు పులిహోర వడ్డించుకున్నారు.

అసలు చిక్కు మర్నాడు వచ్చింది. ఆఫీసు తెరిచేసరికి గేటు బయట జనం. ఆయాసం ఉన్న ముసలివాళ్ళు, తుమ్ములు ఆగని పిల్లలు, తలనొప్పితో తలకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు. అందరి చంకలోనూ తులసికుండీ.

"మేమూ మా చెట్టుకి అనుకూలం కాదు బాబూ. మమ్మల్నీ తరలించండి."

"మా అమ్మని ఆ కారు దగ్గర నాటండి సార్, ఎండ పడదు."

"నాకు ఊతకర్ర వొద్దు నాయనా, మడతమంచం ఇయ్యి."

విశ్వంభరరావు గారు దొడ్డిదారిన లోపలికి వచ్చి అత్యవసర సమావేశం పెట్టారు. వరహాలమ్మను పంపేద్దామంటే రెండోసారి తరలింపు నిషిద్ధం. వచ్చినవాళ్ళను కాదందామంటే స్టెతస్కోపు పెట్టిన ప్రతివాడి దగ్గరా పిల్లికూతలున్నాయి, ఊళ్ళో ఏ చెట్టు దగ్గరా లేవు. అప్పుడు విశ్వంభరరావు గారికి మెరుపు మెరిసింది.

"తరలించిన దాన్ని కదిలించరాదు. నిజమే. కాని చోటు అనుకూలతను మార్చరాదని ఎక్కడా లేదు! ఈ ఆవరణకు అంత ఆదరణ ఎందుకు? పుప్పొడి లేదు కనుక. పుప్పొడి ఉంటే?"

"ఉంటే ఆళ్ళే పోతారు సార్!" అన్నాడు జోగినాయుడు.

"మొక్క నాటితే పూయడానికి ఏళ్ళు పడుతుంది. పూతమీద ఉన్న చెట్టు కావాలి. ఎక్కడుంది?"

జోగినాయుడు కిటికీలోంచి కిందికి చూశాడు. వరహాలమ్మ ఒత్తులు చేసుకుంటోంది.

"అమ్మగారి పెరట్లో ఉంది సార్. బెమ్మాండంగా పూసింది."

అభ్యంతరం ఉన్నదా అని కూర్మారావును అడిగారు. ఆయన నోట మాట రాలేదు. మౌనాన్ని అంగీకారంగా నమోదు చేసుకున్నారు. మరి పసుపు పడిన చెట్టు కదా అని జోగినాయుడు గుర్తుచేస్తే, "నరకడం లేదు కదయ్యా, గౌరవంగా ఆహ్వానిస్తున్నాం" అని జవాబు వచ్చింది.

గోడ కొట్టి క్రేను తెచ్చారు. చెట్టు చుట్టూ తవ్వి, వేళ్ళ ముద్దకు గోనెలు చుట్టారు. ఎత్తబోయే ముందు కూర్మారావు మళ్ళీ పళ్ళెం పట్టుకుని వెళ్ళాడు. మానుకు నుదురు ఆనించి నెమ్మదిగా అన్నాడు.

"తల్లీ, నీ తప్పేం లేదు. నిన్ను తెచ్చినవాళ్ళు నీకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. కొట్టించి ఉంటే మరో మంచి జన్మ ఎత్తేదానివి. ఆఫీసుకి పంపుతున్నాను. క్షమించు."

ఆఫీసు ఆవరణలో పలకలు పగలగొట్టి, కార్లు వీధిలో పెట్టించి, చెట్టును నిలబెట్టారు. విశ్వంభరరావు గారు ఉపన్యసించారు. "శాఖ ఆవరణలో తొలి వృక్షం! మాటలు కాదు, చేతలు!" చప్పట్లు కొట్టారు. ఆ సాయంకాలం గాలి తిరిగింది. కంచె లోపల వరహాలమ్మ ఒక్కసారి దగ్గింది. ఆ దగ్గు విని ఆఫీసంతా హమ్మయ్య అనుకుంది. గేటు బయటి జనం కుండీలు చంకనెత్తుకుని ఇళ్ళకు మళ్ళారు.

ఆవిడ పీట ఎత్తి, దీపాల పెట్టె సర్దుకుంది.

"వస్తాను బాబూ. కంచె, ఊతకర్ర ఉంచండి, చెట్టుకి పనికొస్తాయి. రెండుపూటలా నీళ్ళు మర్చిపోకండి."

మిగిలిన కార్తీకమంతా ఆవిడ తన పెరట్లో తను చుట్టుకున్న గుండ్రంలో పీట వేసుకుని దీపాలు పెట్టుకుంది. చుట్టుపక్కల పెరళ్ళలో ఏడాకులు ఉన్నాయి, అప్పుడప్పుడు దగ్గూ వస్తుంది. కాని పాట మధ్యలో తెగడం లేదు. మొక్కలు నాటే అదను రాగానే పారిజాతం నాటారు, నందివర్ధనం నాటారు, ఉసిరి నాటారు. అనుమతి అడగలేదు. ముగ్గు ప్రకారం నాటారు.

ఆఫీసు చెట్టుకు నీళ్ళు బాగా పట్టాయి. ఆ పై ఏడు దసరా వెళ్ళగానే అది విరగబూసింది. గోడల మధ్య వాసన కదలక మెదలక నిలిచింది. గుమస్తాలు ఒకరి తుమ్ముకు ఇంకొకరు తుమ్మి ఆమోదం తెలుపుకుంటున్నారు. విశ్వంభరరావు గారి గుండ్రటి కళ్ళు ఎర్రబడ్డాయి, రొమ్ములో సన్నగా కూతలు బయలుదేరాయి. చెట్టును తీసేయించాలని ఆయన తన శాఖకు తానే దరఖాస్తు పెట్టుకున్నారు. శాఖ పక్షపాతం లేనిది. సంఘం వచ్చి స్టెతస్కోపు పెట్టింది. వృక్షం వైపు నుంచి ఫిర్యాదు లేదు. పిల్లికూతలు అధికారి దగ్గర ఉన్నాయి. పైగా ఆయన బదిలీ మీద వచ్చినవారు, స్థానికేతర జాతి. సంరక్షణ కాలంలో ఉన్న చెట్టును కదిలించరాదు. కావున అధికారిని తల్లిమట్టితో సహా తరలించవలసిందిగా ఉత్తర్వు. ఉత్తర్వు మీద సంతకం పెట్టవలసిన అధికారి ఆయనే కనుక ఆయనే పెట్టారు.

ఎక్కడికి? పటం తెచ్చి పరిచారు. పోయిన ఏడు చుక్క లేని ఆఫీసు మీద ఇప్పుడు చుక్క ఉంది. ఊరంతటిలో చుక్క చెరిపేసిన చోటు ఒక్కటే కనిపించింది.

కార్తీకం మొదటి సోమవారం పొద్దున్నే కూర్మారావు తలుపు తీసేసరికి విశ్వంభరరావు గారు కుర్చీతో సహా నిలబడి ఉన్నారు. వెనక జోగినాయుడు కంచె, ఊతకర్ర, పచ్చవల మోసుకుని ఉన్నాడు.

"క్షమించాలి," అన్నారు విశ్వంభరరావు గారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "ఉత్తర్వు."

"రండి బాబూ, రండి," అంది వరహాలమ్మ. "జోగినాయుడూ, ఆ గుండ్రంలో మాత్రం పాతకు, అది నాది. నందివర్ధనం పక్కన నాటు."

కుర్చీ వేశారు. కంచె కట్టారు. ఆవిడ చెంబుతో నీళ్ళు ఇచ్చింది. విశ్వంభరరావు గారు తాగి, చాలా రోజుల తర్వాత నిండా ఊపిరి పీల్చుకుని, చుట్టూ చూశారు. కళ్ళజోడు సవరించుకున్నారు.

"అమ్మా, ఈ పారిజాతం... దీనికి అనుమతి ఉన్నదా?"

కూర్మారావు ఆ మాట విన్నాడు. మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, స్నానం చేసి, పళ్ళెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు పెట్టుకుని వచ్చాడు. ముఖంలో కోపం లేదు, భక్తే ఉంది. కుర్చీ ముందు నిలబడ్డాడు.

"ఏమిటండీ ఇది?" అన్నారు విశ్వంభరరావు గారు కొంచెం వెనక్కి జరిగి.

"ఏం లేదు బాబూ. సెలవు తీసుకోడం."

వేలు పసుపులో ముంచాడు. వరహాలమ్మ గుండ్రంలోంచి ఒక్క ఉదుటున లేచి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీకు మతి పోయిందేటండీ! ఆ పసుపు పడిందంటే అంగీకరించామని రాసేస్తారు. ఇంక జన్మలో కదలడు!"

కంచెకు తాడు బిగిస్తున్న జోగినాయుడు అప్పటికే మెడలో విజిలు అందుకున్నాడు.

కూర్మారావు వేలు అక్కడే ఆగింది. కాసేపు చూసి, ఆ పసుపు తీసుకెళ్ళి తులసమ్మకు రాశాడు.

"స్వామీ, ఈయనకు మా పెరటి నుంచి సెలవెప్పుడు? ఈ ప్రశ్నకు తొందర లేదు," అనుకున్నాడు.